పెద్దమనిషి అంటే ఏ పెద్దమనిషి?

ప్రొద్దుటూరు చిన్నక్క:
మా పాప బెంగళూరులో చదువుతాంది. తెలుగు బాగానే మాట్లాడతాది. మొన్న మా ఆడబిడ్డ కూతురు పెద్దమనిషి అయిందంటే ఊరికి తోడుకొచ్చినా. నలుగు, పచ్చాకు గుడిసె, చిమ్మిలి ఉండలు అన్నీ చూసింది. సాయంత్రం మా మామ గట్టు తగాదా గురించి "రేపు పెద్దమనుషుల్ని కూర్చోబెడదాం" అంటే, "అక్కను మళ్లీ కూర్చోబెడతారా?" అనేసింది! నవ్వు ఆగలేదు గానీ జవాబూ తోచలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కండక్టరు, టికెట్టు తీసుకోని ఒకాయన్ను "చూస్తే పెద్దమనిషి మాదిరి ఉండావే" అని దులిపినాడు. ఈ మాటను పిల్లకు ఎట్ల చెప్పాల?

నంద్యాల దస్తావేజు:
అమ్మా, నేను దస్తావేజులు రాసేవాణ్ని. ఈ మాట లేకుండా నాకు పొద్దు గడవదు. పంచాయితీలో పెద్దమనిషికి వయసుతో పని లేదు, మాట చెల్లాల. ఎనభై ఏండ్ల తాత అరుగు మీద ఊరకనే కూర్చోనుంటాడు, నలభై దాటనోడు తీర్పు చెప్తాంటాడు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, నడమ ఒకాయన.

అన్నదమ్ముల భాగాల కాగితంలో అయితే ఈ మాటకు బలమే వేరు. "పెద్దమనుషుల సమక్షంలో ఇదివరకే నోటిమాటగా పంచుకున్నాము, జ్ఞాపకార్థం రాసుకుంటున్నాము" అని ఉంటే అది జరిగిపోయిన పంపకానికి గుర్తు మాత్రమే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. "ఈ కాగితం ద్వారా పంచుకుంటున్నాము" అంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయాల్సిందే. రేపు కోర్టుకెక్కితే ఆ "ఇదివరకే"కు సాక్ష్యం చెప్పాల్సింది ఆ పెద్దమనుషులే. అందుకే తీర్పు చెప్పేటప్పుడు ఉండే ఊపు సంతకం కాడికి వచ్చేసరికి చానామందికి ఉండదు. మీ గట్టుకు మటుకు ముందు సర్వేయరును పిలిపించుకోండి.

అనంతపురం పాత విద్యార్థి:
1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో చేసుకున్నదీ పెద్దమనుషుల ఒప్పందమే. మన జిల్లా నీలం సంజీవరెడ్డి సంతకమూ ఉంది అందులో. ఇంగ్లీషు మాటకు తెలుగు చేసినారు గానీ, నాకు ఆ పేరు వింటే మా ఊరి రచ్చబండే కనపడతాది. అమలు కాలేదన్న గొడవ రాష్ట్రం విడిపోయిన 2014 దాకా నడిచింది. సీమ కోసం 1937లో రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికనూ మనోళ్లు అట్లే అంటారు. రెండిటికీ మాటే పూచీ. దాని సంగతి ఎత్తితే మళ్లీ ఇంకో పంచాయితీ, వద్దులే.

హిందూపురం వదిన:
చిన్నక్కా, పాపకు చివర ఏ మాట వస్తాదో గమనించమని చెప్పు. "ఆ పిల్ల పెద్దమనిషి అయింది" అంటే ఈడేరింది. "వాడు పెద్దమనిషి అయినాడు" అంటే నాలుగు డబ్బులొచ్చి తెల్లబట్టలు తొడిగినాడని, సగంసార్లు అది ఎత్తిపొడుపే. "ఆ పెద్దమనిషికి సీటియ్యండి" అంటే ముసలామె కూడా కావచ్చు. బెంగళూరులో కన్నడం వినే పిల్ల కదా, "దొడ్డవళాదళు" అను, మొదటిది చప్పున తెలుస్తాది.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. పన్నెండేండ్లకే పెద్దమనిషిని చేసిన ఆడపిల్లను అరవై వచ్చినా పెద్దమనుషుల్లోకి పిలవరు. మా వీధిలో భూముల లెక్కలన్నీ ఒకామె నోటి మీద ఉండాయి. పంచాయితీ అయితే కూర్చునేది ఆమె మొగుడు, ఆయప్ప మాటమాటకూ లోపలికొచ్చి ఆమెను అడిగిపోతాడు.

అన్నట్టు పెండ్లి మాటలకు పోయే పెద్దమనుషుల్ని ఎవరూ తలవలేదే? సాక్ష్యం బెడద లేదు, కాఫీ టిఫిన్లు దండిగా దొరుకుతాయి.