సమస్య: కొండ పండెఁ జూడు కుండలోన

నిర్వాహకుడు (కర్నూలు): ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాల. మిద్దెతోటలో పొట్టి బీఫ్‌స్టీక్ టమోటా చూసొచ్చాక తట్టింది. మామూలుగా ఆరడుగులు దాటే తీగ జాతి ఇది. పొట్టి రకాలు మూడు నాలుగు అడుగుల్లో ఆగిపోతాయి. కాండం లావు, ఆకు ముడతలు, కాయ మాత్రం అరచేయంత. కొండ ఎలా పండిందో మీరే చెప్పాల.

ఆదోని అక్క:
మిద్దె మీద నాటి మేలైన విత్తును
పూట పూట నీరు పోసినాను
మూడడుగుల చెట్టు ముచ్చటగాఁ గాసె
కొండ పండెఁ జూడు కుండలోన

గుత్తి మాస్టారు: యతులు కుదిరాయమ్మా. కొండ ఏదీ? చెట్టు కాసిందన్నావు, కొండ ఊరికే ఊడిపడింది. ఇంకోటి, పూట పూట నీళ్లు పోస్తే వేరు కుళ్తుంది. అట్లాగని ఒకరోజు ముంచి మూడ్రోజులు ఎండగట్టినా కాయకు కాల్షియం అందక అడుగు నల్లబడుతుంది. మట్టి వేలితో తాకి చూసి పోయాల.

పత్తికొండ రైతు:
ధరలు పడిన నాడు దారిలో పోసిరి
బండ్లకొద్ది పండ్లు బాధతోడ
గింజ నేరి నాట గెలుపుగా మన పత్తి
కొండ పండెఁ జూడు కుండలోన

ఆదోని అక్క: అబ్బ, ‘పత్తి’ పై పాదంలో పెట్టి కొండను ఊరు చేసేసినావు కదన్నా! రెండో పాదం చదివితే కడుపు తరుక్కుపోయింది.

అనంతపురం సభ్యుడు: విరుపు బాగుంది. పంటే అనుమానం. మార్కెట్ పండు చాలావరకు హైబ్రిడ్, దాని గింజ నాటితే తల్లిలాంటి కాయ రాదు. పైగా అది లారీ ప్రయాణానికి తట్టుకునే గట్టి తోలు. బీఫ్‌స్టీక్ పలుచని తోలు, లోపల ఎన్నో అరలు, కండ ఎక్కువ. లారీ ఎక్కితే గుజ్జే.

కర్నూలు కుర్రాడు: నాది మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.
ఎండకాలమందు పూలు రాలిపోయె
పచ్చ గుడ్డ నీడ పట్టినాను
గట్లు గట్లుగాను గరిమతో నెదిగిన
కొండ పండెఁ జూడు కుండలోన

గుత్తి మాస్టారు: నాయనా, మొదటి పాదంలో ‘ఎ’కు ‘పూ’ యతి చెల్లదు. చివర ‘లిపోయె’ జగణం, ఇంద్రగణం కాదు. ఇట్లా మార్చు:
ఎండ మండి పూత యెల్ల రాలఁగ నాడు
మూడో పాదం మాత్రం ముట్టుకోను. ఆ కాయకు నిజంగానే గట్లుంటాయి, అదే కొండ అన్నావు. సమస్య అక్కడ విడిపోయింది. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రీ చల్లబడకపోతే పూత నిలవదు, మన కర్నూలు ఎండ 40 దాటుతుంది. నీ షేడ్ నెట్ పద్యంలోనూ పనికొచ్చింది.

అనంతపురం సభ్యుడు: కుండేనా, పెయింట్ డబ్బానా?

కర్నూలు కుర్రాడు: 20 లీటర్ల డబ్బా అన్నా. ఛందస్సు కోసం కుండ.

నిర్వాహకుడు: డబ్బాకు మాఫీ. నా ఓటు కుర్రాడికి. విరుపు సొగసులో పత్తికొండన్నదే పైచేయి.

గుత్తి మాస్టారు: బీఫ్ పేరున్న కాయ మా ఇంట్లోకి రానివ్వరనుకున్నా. పద్యం వినిపిస్తే మా ఆవిడే అడిగింది. హైబ్రిడ్ కాకపోతే నాలుగు గింజలు కాగితంలో మడిచిపెట్టు నాయనా, ఆదివారం వస్తా.