ఇసుక డ్రమ్ము 98 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది, ఎవరైనా చెప్పండి

అద్దకం_బాబు: పొద్దున్నుంచి దీంతోనే కొట్టుకుంటున్నా. ఆదివారం సోలార్ కరెంటు ఊరికే పోతోందని, ఇసుకలో వేడి దాచి సోమవారం అద్దకం తొట్లకి నీళ్లు కాచుకుందామనుకున్నా. 200 లీటర్ల డ్రమ్ము, 300 కిలోల ఇసుక, మధ్యలో 3 కిలోవాట్ల కాయిల్. 5 గంటలు వేశా, 15 యూనిట్లు. లెక్కప్రకారం 250 డిగ్రీలు రావాలి. మీటరు 98 దగ్గర కూర్చుంది, కదలదు. చుట్టూ గ్లాస్ ఊల్ కూడా కట్టా. పైగా రెండో కాయిలూ కాలిపోయింది. తప్పెక్కడ?

కొలిమి: ఇసుక తడా, పొడా?

ఊకబాయిలర్: ఎందుకు బాబూ ఈ తిప్పలు? మిర్యాలగూడ మిల్లుల్లో ఊకతోనే ఆవిరి పుట్టిస్తున్నారు. టన్ను ఆవిరికి దాదాపు 700 యూనిట్ల వేడి కావాలి. మీ డ్రమ్ము ఏ మూలకి?

అద్దకం_బాబు: ఆవిరి కాదండీ, వేణ్ణీళ్లు అన్నాను.

రిటైర్డ్_ఉక్కు: వేడి దాచడం కొత్తా? ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ పక్కన, దానికి గాలి వేడిచేసే స్టవ్‌లు చూడండి. నిండా గళ్ల ఇటుకలు. గ్యాసుతో కాల్చి, ఆనక చల్లగాలి పంపితే 1,000 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. కౌపర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1857లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు గ్యాసు బదులు కరెంటు పెట్టి ‘ఇసుక బ్యాటరీ’ అంటున్నారు. కరెంటు తిరిగివ్వనిది బ్యాటరీ ఎలా అవుతుంది?

కొలిమి: పేరేదైతేనేం. తడా, పొడా?

ఫిన్‌లాండ్_మనోడు: ఇక్కడ పొర్నైనెన్ అనే ఊళ్లో 2025లో పెట్టిన ఇసుక బ్యాటరీలో 2,000 టన్నుల బలపపు రాయి నలగ్గొట్టి పోశారు. 100 మెగావాట్ అవర్ల వేడి, అంటే లక్ష యూనిట్లు, పడుతుంది. కాయిల్‌ని అందులో పాతరు, వేడిగాలిని గొట్టాల్లో తిప్పుతారు. పొడి ఇసుకలో వేడి త్వరగా పాకదు. మీ కాయిల్ తన వేడికి తనే కాలింది.

రిటైర్డ్_ఉక్కు: బలపపు రాయా! మా అమ్మ రాచ్చిప్ప అదే. పొయ్యి మీంచి దించాక కూడా పులుసు తుకతుకమంటూనే ఉండేది.

ఊకబాయిలర్: ఆ పొయ్యిలో మంట దేంతో పెట్టారో కూడా చెప్పండి మరి.

కొలిమి: మూడోసారి అడుగుతున్నా.

అద్దకం_బాబు: కొంచెం చెమ్మ ఉండొచ్చు. మొన్న వానలో ట్రాక్టరు లోడు బయటే ఉంది.

కొలిమి: నూటికి 5 పాళ్లు చెమ్మన్నా 15 కిలోల నీళ్లు. అవి ఆవిరవడానికే 10 యూనిట్ల పైచిలుకు పోతాయి. అవి పోయేదాకా 100 దాటదు. ఇసుక ఆరబెట్టాకే డ్రమ్ములో పొయ్యి. మూత బిగించలేదు కదా?

అద్దకం_బాబు: లేదు, ఊరికే కప్పా. దాని మీంచి నీళ్లు కారుతుంటే పైకప్పు ఉరుస్తోందనుకున్నా. సరే థాంక్స్, కాయిల్ వచ్చాక చూస్తా.

ఊకబాయిలర్: ఊక కావాలంటే చెప్పండి.