మా ఊరి రాతి మండపం కూల్చకుండా ఆపాలంటే ఎవరికి అర్జీ ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి జిల్లా, చంద్రగిరి దగ్గర పల్లె. ఊరి మొగదాల రోడ్డు పక్కనే ఒక పాత రాతి మండపం ఉంది. కొండకు నడిచిపోయేవాళ్లు రాత్రి అక్కడే వండుకు తిని పడుకునేవాళ్లని మా అవ్వ చెప్పేది. పైబండకు ఆ పొగమసి ఇంకా అంటుకునే ఉంది. ఒక స్తంభం మీద ఏడెనిమిది వరసల రాత ఉంది. ఏటా పండక్కి సున్నం కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయాయి, వేలితో తడిమితే మాత్రం తెలుస్తాయి.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తామని కొలతలు వేశారు. ఎర్ర పెయింట్ గీత మండపం అవతల పడింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

చంద్రగిరి రాజమహల్‌కైతే కేంద్ర పురావస్తు శాఖ రక్షణ ఉంది, 100 మీటర్లలోపు కొత్త కట్టడాలకు వీల్లేదు. మా మండపం ఏ జాబితాలోనూ లేదు. 1960 నాటి మన రాష్ట్ర చట్టం కింద దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించమని అడగాలంటే అర్జీ కలెక్టర్‌కు ఇవ్వాలా, రాష్ట్ర పురావస్తు శాఖకా? పంచాయతీ తీర్మానం జతచేయాలా? మైసూరులో పాత రాతి శాసనాలు చదివే కేంద్ర పురావస్తు శాఖ విభాగానికి ఫోటోలు పంపితే చదివి చెబుతారా?

సున్నం ఉలితో గీకేస్తామని కుర్రాళ్లు వచ్చారు. రాయి దెబ్బతింటుందని నేనే వద్దన్నాను. రాతకు హాని లేకుండా తీసే పద్ధతి ఏదైనా ఉందా?

ఎంత అడిగినా రోడ్డు ఆగకపోతే, శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టినట్టు, దీన్ని పది గజాలు వెనక్కి జరిపించగలమా? మీ ఊళ్లో ఎవరైనా ఇలా చేసి ఉంటే దయచేసి చెప్పండి.