రాత్రి తనిఖీలో ఆపి ఫొటో, వేలిముద్ర తీసుకున్నారు: ఎవరిని, ఏమని అడగాలి?

పాతబస్తీ_అక్క:
మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. పోయిన వారం రాత్రి పని ముగించుకుని బండి మీద వస్తుంటే తనిఖీలో ఆపారు. లైసెన్సు, ఆర్‌సీ అన్నీ ఉన్నాయి. అయినా ట్యాబ్‌లో ముఖం ఫొటో తీశారు, చిన్న యంత్రం మీద వేళ్లు పెట్టించారు, ఫోను తెరిపించి వాట్సాప్ చూశారు. ఆపైన స్టేషనులో రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టి పంపేశారు. కేసు లేదు, కాగితం లేదు. వాడు ప్రభుత్వ ఉద్యోగానికి చదువుతున్నాడు. రేపు పోలీసు వెరిఫికేషనులో ఇది తేలుతుందేమోనని అమ్మకు నిద్ర లేదు. ఫొటో ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవచ్చా? తీసేయమని అడగవచ్చా?

ఎల్బీనగర్_బాబాయి:
కేసు లేదు కదమ్మా, వదిలేయండి. లేని తలనొప్పి ఎందుకు తెచ్చుకోవడం?

దరఖాస్తుల_మాస్టారు:
బాబాయి గారి భయం అర్థమవుతుంది. అయినా మర్యాదగా ఒక ఉత్తరం రాయడం తగాదా కాదు.

అమ్మా, ముందు స్టేషను సీసీ కెమెరా సంగతి చూడండి. చాలామంది సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెడతారు. దాని జవాబుకు 30 రోజుల గడువుంటుంది, ఈలోగా రికార్డింగు చెరిగిపోయిందంటారు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులో గేటు, లాకప్పు, వరండా, రిసెప్షను అన్నిచోట్లా మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. రికార్డింగును 18 నెలలు ఉంచాలి. అంత నిల్వ ఉండే పరికరాలు దొరక్కపోయినా ఏడాదికి తగ్గకూడదు. హక్కుల ఉల్లంఘన జరిగితే బాధితుడు ఆ రికార్డింగును భద్రపరచమని కోరవచ్చని స్టేషను గుమ్మం దగ్గర స్థానిక భాషలో బోర్డు కూడా ఉండాలి. నాకు కనిపించే బోర్డుల్లో ‘మీరు కెమెరా నిఘాలో ఉన్నారు’ అనే ముక్క మాత్రం భేషుగ్గా ఉంటుంది!

కాబట్టి ఈ రోజే ఇన్‌స్పెక్టరుకు ఒక ఉత్తరం, డీసీపీకి దాని నకలు పంపండి. తేదీ, సుమారు సమయం, తమ్ముడు ఆ రాత్రి వేసుకున్న చొక్కా రంగు రాసి, ‘ఈ సమయపు రికార్డింగును చెరపకుండా భద్రపరచగలరు’ అని ఒక్కటే కోరండి. ఆరోపణలు ఇందులో వద్దు. స్పీడ్ పోస్టు రసీదు జాగ్రత్త.

ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు, ఫీజు పది రూపాయలు. ‘ఎందుకు ఫొటో తీశారు?’ అని రాస్తే, అది సమాచారం నిర్వచనంలోకి రాదని ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు. మనం అడగవలసింది వారి దగ్గరున్న కాగితాల నకళ్లు. నేనైతే ఇలా రాస్తాను:

‘ఫలానా తేదీ రాత్రి ఫలానా కూడలిలో వాహన తనిఖీకి ఇచ్చిన ఉత్తర్వు నకలు. తనిఖీలో ఆపిన వ్యక్తుల ఫొటో, వేలిముద్ర తీసుకోవడానికి అధికారమిచ్చే ఉత్తర్వు లేదా సర్క్యులరు నకలు. ఆ వివరాలను ఎంతకాలం ఉంచాలో, ఎప్పుడు తొలగించాలో నిర్దేశించే ఉత్తర్వు నకలు. నా పేరున ఉన్న నమోదు నకలు. ఆ రాత్రి జనరల్ డైరీలో (స్టేషను రోజువారీ నమోదు పుస్తకం) నాకు సంబంధించి రాసినదాని నకలు. వీటిలో ఏదైనా లేకపోతే, లేదని రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఆఖరి వాక్యం వదలవద్దు. ఉత్తర్వు లేదని వారే రాసిచ్చిన కాగితం కోర్టులో మీకే సాక్ష్యం. వేలిముద్రలకు 2022 నాటి గుర్తింపు చట్టం ఉంది, నిజమే. అది శిక్షపడినవారికి, అరెస్టయినవారికి, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి వర్తిస్తుంది. ఇతరుల విషయంలో మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి. దారిన పోయేవాడిని ఆపి తీసుకోమని అందులో లేదు. ముఖాలను పోల్చే యంత్రాలకైతే ప్రత్యేక చట్టమే లేదు. తెలంగాణ పోలీసులు వాడే టీఎస్‌కాప్ యాప్‌లో ఆ సదుపాయం మాత్రం 2018లోనే చేరింది. హైదరాబాదు హక్కుల కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో ఆపి ఫొటో తీస్తే, ఆయన మొదట కమిషనరుకు నోటీసు పంపి, ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

తొలగించమని అడగవచ్చు, కానీ 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పేరు చెప్పి అడిగితే పని జరగదు. నేరాల నివారణకు, దర్యాప్తుకు అందులో మినహాయింపు ఉంది. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు ప్రకారం వ్యక్తిగత గోప్యతలో జోక్యానికి చట్టం ఆధారం ఉండాలి. దాన్ని ఉటంకిస్తూ కమిషనరుకు వినతి ఇవ్వండి. వెంటనే తీసేస్తారని ఆశ పెట్టను. మీ వినతి ఫైలులో ఉంటుంది, అంతవరకే.

వెరిఫికేషను ఫారాలు ప్రధానంగా కేసులు, అరెస్టులు, శిక్షల గురించి అడుగుతాయి. కొన్నింటిలో ‘నిర్బంధంలో ఉన్నారా’ అనీ ఉంటుంది. ఆ రెండు గంటలను స్టేషనువారు ఏమని రాసుకున్నారో తెలియకుండా ఆ గడి నింపడం ప్రమాదం. జనరల్ డైరీ నకలు అడగమన్నది అందుకే.

రాత్రిడ్యూటీ_గోపి:
ఆపినప్పుడు మనమే వీడియో తీస్తే? ఫోను ఇవ్వనంటే?

దరఖాస్తుల_మాస్టారు:
బహిరంగ స్థలంలో పోలీసులను వీడియో తీయకూడదనే చట్టం లేదు. స్టేషను లోపల వీడియో తీసిన వ్యక్తిపై అధికార రహస్యాల చట్టం కింద పెట్టిన కేసును 2022లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి కొట్టేసింది. స్టేషను ఆ చట్టం చెప్పే నిషిద్ధ స్థలం కాదంది. అయితే అది మన హైకోర్టు తీర్పు కాదు, పైగా విధులకు అడ్డం వచ్చారనే సెక్షను ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పక్కనున్న స్నేహితుడు నాలుగడుగుల దూరం నుంచి తీస్తే నయం. ఫోను విషయంలో, ‘ఏ కేసులో, ఏ సెక్షను కింద?’ అని నెమ్మదిగా అడగండి. 2021 అక్టోబరులో గంజాయి పేరుతో ఫోనులు చూస్తున్న వీడియోలు బయటికి వచ్చినప్పుడు, జనం ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారని పోలీసులు చెప్పారు. ‘నాకిష్టం లేదు’ అన్న మాట పైకి అనడం అందుకే అవసరం. ఒంటరిగా ఉండి, గొడవ ముదిరేలా ఉంటే మాత్రం ఇచ్చేయండి, ఇంటికి వచ్చాక రాసి పంపండి.

అపార్టుమెంటు_కార్యదర్శి:
మా కెమెరాల లైవ్ లింకు స్టేషనుకు ఇమ్మని అడుగుతున్నారు. తప్పదా?

దరఖాస్తుల_మాస్టారు:
2013 నాటి ప్రజా భద్రత చట్టం, ఒకేసారి వందమంది లేదా రోజుకు అయిదు వందలమంది చేరే ప్రదేశాల్లో కెమెరాలు పెట్టమని, రికార్డింగు 30 రోజులు ఉంచమని చెబుతుంది. అడిగిన రోజు ఫుటేజీ ఇవ్వడం వేరు, ఇరవై నాలుగు గంటల లింకు ఇవ్వడం వేరు. రాతపూర్వకంగా అడగమనండి. మిగతాది కొత్త చర్చగా పెట్టండి, ఇక్కడ అమ్మ ప్రశ్న పక్కకు పోతుంది.

పాతబస్తీ_అక్క:
ధన్యవాదాలు మాస్టారూ. తమ్ముడు భయపడుతున్నాడు. దరఖాస్తు నా పేరున వేయవచ్చా? వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తే?

దరఖాస్తుల_మాస్టారు:
రెండుగా విడదీయండి. ఉత్తర్వులు, సర్క్యులర్ల నకళ్లు మీ పేరున అడగండి. ఏ పౌరుడైనా అడగవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. తమ్ముడి నమోదు, డైరీ నకలు మాత్రం అతని సంతకంతోనే. 2025 నవంబరు నుంచి సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారపు మినహాయింపు బాగా పెరిగింది కాబట్టి అధికారుల పేర్లు అడిగి వారికి సాకు ఇవ్వవద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తిరస్కరించినా, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. అప్పటికి జవాబు ఏమొచ్చిందో ఇక్కడ పెట్టండి, అప్పీలు కలిసి రాద్దాం.