రోమ్‌ను ఏలిన ఏడుగురు రాజులు నిజమేనా?

నదీతీరం:
ఊరు స్థాపించాడనే రోములస్ మొదలు రెండో టార్క్విన్ దాకా ఏడుగురు రాజులు క్రీ.పూ. 753 నుంచి 509 వరకు ఏలారంటారు. 244 ఏళ్లు, ఏడుగురు! సగటున ఒక్కొక్కరికి దాదాపు 35 ఏళ్లు. అందులో ఇద్దరు హత్యకు గురయ్యారు, ఒకడి మీద పిడుగు పడింది, చివరివాణ్ని తరిమేశారు. రోమన్ చరిత్రకారుడు లివీ ఇదంతా రాసింది దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత. గాల్ సేనలు ఊరు తగలబెట్టినప్పుడు పాత రాతలు చాలావరకు పోయాయని ఆయనే చెప్పాడు. ఇక ఏం నమ్మాలి?

శాసనప్రియ:
ఆ ఏళ్ల లెక్క నేనూ నమ్మను. అంతమాత్రాన రాజులే లేరంటే ఎలాగండీ? 1899లో రోమ్ పాత నడిబొడ్డు మైదానమైన ఫోరమ్‌లో నల్లరాతి పలకల కింద పురావస్తు శాస్త్రవేత్త జాకొమో బోనీ ఒక విరిగిన రాతి స్తంభం బయటపెట్టాడు. దాని మీద నిలువుగా పాత లాటిన్ అక్షరాలు, ఒక వరుస కిందికి, మరో వరుస పైకి, నాగలి చాలు మళ్లినట్టు. చాలా భాగం పోయినా 'రెకెయి', అంటే 'రాజుకు', అన్న మాట మిగిలింది. అది క్రీ.పూ. 6వ శతాబ్దపుదని ఎక్కువమంది పండితుల మాట.

నదీతీరం:
ఆ రాజు పూజారి కావచ్చు. రాజరికం పోయాక కూడా క్రతువుల కోసం 'రెక్స్ సాక్రోరుమ్' అని ఒకరిని ఉంచారుగా.

శాసనప్రియ:
కావచ్చు. కానీ క్రతువులకు ఆ పేరుతో మనిషిని ఉంచారంటే, అంతకుముందు ఆ క్రతువులు చేసిన అసలు రాజు ఉండే ఉంటాడు కదా.

కోటగోడ:
రోములస్ ఊరు కట్టాడనే పాలటైన్ కొండ కింద 1988లో పురావస్తు శాస్త్రవేత్త కారందిని బృందానికి క్రీ.పూ. 8వ శతాబ్దపు గోడ దొరికింది. రోములస్‌కు అంతకన్నా ఆధారం ఏం కావాలి?

శాసనప్రియ:
గోడ ఉంటే ఊరు ఉన్నట్టు, అంతే. కట్టించింది ఎవరో గోడ చెప్పదు. రోములస్‌ను నేను వదిలేస్తాను. చివరి ముగ్గురి, అంటే మొదటి టార్క్విన్, సెర్వియస్ టుల్లియస్, రెండో టార్క్విన్‌ల, సంగతి వేరు. 1857లో రోమ్‌కు ఉత్తరాన ఉన్న ఎట్రుస్కన్ జాతివాళ్ల ఊరు వుల్చీలో దొరికిన సమాధి గోడల మీద బొమ్మలు, పక్కనే పేర్లు ఉన్నాయి. మక్‌స్త్ర్‌న అనేవాడు బందీగా ఉన్న కైలె విపినస్ కట్లు తెంచుతుంటాడు. మరోచోట 'రోమ్‌కు చెందిన నీయస్ టార్క్విన్' హతమవుతుంటాడు. సెర్వియస్ టుల్లియస్‌ను ఎట్రుస్కన్లు మస్టార్న (బొమ్మలోని మక్‌స్త్ర్‌న పేరే) అనేవారని క్రీ.శ. 48లో క్లాడియస్ చక్రవర్తి సెనేట్‌లో చెప్పాడు, ఆ ప్రసంగం చెక్కిన కంచు పలక లియోన్‌లో ఉంది. లివీ కథలో టార్క్విన్ రాజులిద్దరి పేరూ లూసియస్. రోమ్‌లో చెప్పుకున్న కథే విని వుల్చీవాళ్లు ఆ బొమ్మలు వేసుంటే, నీయస్ ఎక్కడి నుంచి వచ్చాడండీ?