రెండు చక్రాల ట్రాలీ లోడుతో రోడ్డెక్కితే ఊగుతోంది, హుక్కు దగ్గర ఏం సరిచేయాలి?

హాలియా వడ్ల రైతు:
అన్నలూ, మాది సాగర్ ఎడమ కాలువ కింద ఊరు, వడ్లు మిర్యాలగూడ మిల్లుకు మేమే తోలుకుంటాం. 45 హెచ్‌పీ ట్రాక్టర్, రెండు చక్రాల ట్రాలీ, 40 కిలోల బస్తాలు 75. పోయిన సీజన్‌లో కాలువ కట్ట ఎక్కుతుంటే ముందు టైర్లు లేచి స్టీరింగ్ పనిచేయలేదు, పానం పోయినంత పనైంది. అప్పటినుంచి బస్తాలు వెనక్కి సర్దుతున్నాను. ముందు లేవడం ఆగింది గానీ ఇప్పుడు స్పీడు 25 దాటితే ట్రాలీ తోక ఊపుతోంది. పక్కనుంచి పిల్లలను ఎక్కించుకుని బైకులు పోతుంటాయి, నాకు ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

దేవరకొండ డ్రైవర్:
తమ్మీ, ముందు ఇది చెప్పు. ట్రాలీని ట్రాక్టర్ బాడీకి బిగించిన హుక్కుకు తగిలిస్తున్నావా, కల్టివేటర్ కట్టే రెండు చేతుల మధ్య చిల్లుల పట్టీకా? పట్టీకైతే ఇవాళే మానెయ్యి. ఆ చేతులు పక్కలకు ఆడతాయి, పైగా హైడ్రాలిక్ కొంచెం లేచినా లాగే చోటు పైకి వస్తుంది, ట్రాక్టర్ వెనక్కి తిరగబడేది అట్లనే. హుక్కుకే అయితే పిన్ను తీసి చూడు. మా ట్రాలీ రింగు అరిగి కోడిగుడ్డులా సాగింది, పిన్ను నడుమ సన్నబడింది, గేరు మార్చినప్పుడల్లా టక్కుమనేది. రెండూ మార్చాక చాలా తేడా కనపడింది. ట్రాలీ టైర్లు ఒక్కొక్కటి జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపు, బేరింగు వదులుంటే చేతికే తెలుస్తుంది.

డల్లాస్‌లో నల్లగొండ:
అన్నా, నేనిక్కడ పికప్ వెనక ట్రావెల్ ట్రైలర్ కట్టుకుని పిల్లలతో తిరుగుతుంటాను, మీ బాధ నాకు తెలుసు. బస్తాలు వెనక్కి జరపడమే ఊపుకు అసలు కారణం అనిపిస్తోంది. ఇక్కడ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలని లెక్క. అంతకు తగ్గితే తోక ఊపుతుంది, మరీ పెరిగితే బండి ముందు భాగం తేలికవుతుంది. మాకైతే ఆ బరువును కొంత ముందు చక్రాలకు పంచే కడ్డీల హిచ్ దొరుకుతుంది, అయినా సామాను వెనక నింపితే అది కూడా కాపాడదు. మీరు మిల్లు కాంటా దగ్గరే చూసుకోవచ్చు. హుక్కుకు తగిలించి ఉండగానే ట్రాలీ చక్రాలు మాత్రం కాంటా మీద పెట్టి తూకం రాయండి, తర్వాత చక్రాలకు ఆపు పెట్టి, ట్రాక్టర్ విప్పి, ట్రాలీని స్టాండుతో సహా కాంటా మీదే గట్టిగా నిలబెట్టి మొత్తం తూకం తీయండి. ఆ తేడానే హుక్కు మీది బరువు. ఊపు మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని రేసు వదిలేయండి.

జడ్చర్ల మెకానిక్:
డల్లాస్ తమ్ముడు చెప్పింది కరెక్టే. ముందు లేవడానికి మందు బస్తాలు జరపడం కాదు, ట్రాక్టర్ ముందు ఇనుప వెయిట్లు వేయించడం. అయినా కట్ట ఎక్కేటప్పుడు లేస్తుంటే పది బస్తాలు తగ్గించు. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాక్ వెయ్యి, పొలంలో దమ్ము చేసేటప్పుడు విడదీసి అట్లనే వదిలేస్తారు చాలామంది, అప్పుడు ఒక పక్కకే లాగుతుంది. దిగుడులో న్యూట్రల్ అసలు వద్దు.

హాలియా వడ్ల రైతు:
అందరికీ దండాలు. హుక్కుకే తగిలిస్తున్నాను, రింగు బాగానే ఉంది, పిన్ను మాత్రం అరిగింది, మార్చాను. నిన్న కాంటా వేస్తే మొత్తం 4,200 కిలోలకు హుక్కు మీద 110 మాత్రమే ఉంది! వెయిట్లు వేయించి, బస్తాలు ముందుకు జరిపి మళ్లీ తూస్తే 450 వచ్చింది. 30లో కూడా ట్రాలీ తిన్నగా వస్తోంది, కట్ట మీద ముందు టైర్లు లేవలేదు. ఎడమ చక్రం బేరింగు కొంచెం ఆడుతోంది, ఎల్లుండి లోడుకు ముందే విప్పిస్తాను.