అప్‌డేట్: ఫ్రిజ్‌లో ఊడిపోతున్న లేబుళ్లు

ఫ్రిజ్‌లో పెట్టిన గాజు సీసాలకు లేబుళ్ల అంచులు లేస్తున్నాయి, ఏ రకం వాడాలి అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే పేపర్ లేబుళ్లు మానేసి పాలీప్రొపిలీన్ ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్) లేబుళ్లు తెప్పించాను. పేపర్‌లా చెమ్మ పీల్చి ఉబ్బదు. అయినా మొదటిసారి నాలుగు సీసాలకు మళ్లీ మూలలు లేచాయి! తీరా చూస్తే తప్పు నాదే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టిన చెమ్మను చేత్తో తుడిచేసి అంటించాను. ఇప్పుడు సీసా చల్లదనం పోయాక పొడిగుడ్డతో తుడిచి అంటిస్తున్నాను, జిగురు బాగా పట్టడానికి ఒక రోజు బయటే ఉంచుతున్నాను. మూడు వారాలైంది, గోరుతో గీకినా రావట్లేదు. ఇంకో తలనొప్పి ప్రింటింగ్. మామూలు ఫిల్మ్ మీద ఇంక్‌జెట్ సిరా ఆరక వేలికంతా అంటింది. ఇంక్‌జెట్ కోటింగ్ (సిరాను పట్టి ఉంచే పూత) ఉన్నదే అడిగి కొనండి.